బంగాళదుంపా, ఆలుగడ్డా? లా సలెట్ కొండ మీద ఒక ఆదివారం

అందరికీ నమస్తే అండీ! ఈ వీడియో మా అమ్మ కోసం. "గుణదల దగ్గర పుట్టినదానివి, అక్కడ మీ పక్కనే మేరీ మాత కనపడ్డ కొండ ఉందంటగా, ఎప్పుడు చూపిస్తావే?" అని వారం నుంచి ఒకటే ఫోన్లు.

ఫ్రాన్స్‌లో మేముండే గ్రెనోబుల్ నుంచి బయల్దేరాం. కోర్ అనే ఊరు దాటాక అన్నీ మలుపులే, మా చిన్నోడు మూడో మలుపుకే కవర్ అడిగాడు. పైన దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. కొబ్బరికాయల కొట్లు లేవు, తలనీలాలు లేవు, మైకు లేదు. గొర్రెల గంటలు మాత్రం వినిపిస్తున్నాయి. కొవ్వొత్తి మూడు యూరోలు, అంటే మూడొందలు! డబ్బులు తీసుకునే మనిషి కూడా లేడు, మనమే పెట్టెలో వేసేసి రావాలి.

1846 సెప్టెంబర్ 19న పశువులు కాసే మెలానీకి, మాక్సిమాన్‌కి ఇక్కడే మాత కనపడిందట. అమ్మాయికి పద్నాలుగు, అబ్బాయికి పదకొండు. ఇదిగో చూడండి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్న కంచు బొమ్మ. ఫ్రెంచ్‌లో మాట్లాడుతూ బంగాళదుంపలు కుళ్లిపోతాయని చెబితే, 'పోమ్ ద తేర్' అంటే ఏంటో మెలానీకి అర్థం కాలేదు. అది గమనించి మాత వెంటనే వాళ్ల కొండ యాసలోకి మారిపోయిందట!

నాకైతే అక్కడే కళ్లు చెమర్చాయి. నాలుగేళ్లుగా నా ఫ్రెంచ్ వినగానే అందరూ ఇంగ్లీషులోకి మారతారు. తెలుగులోకి మారినవాళ్లు ఒక్కరూ లేరు.

సరే, అసలు సంగతి. గ్రెనోబుల్ బిషప్ బ్రుయ్యార్ అయిదేళ్లు విచారించి నమ్మదగిందే అన్నారు. 1852 మే 1న ఇక్కడ గుడితో పాటు లా సలెట్ మిషనరీల సభనూ, అంటే ఫాదర్ల సంఘాన్నీ, ప్రకటించారు. వాళ్ల సిలువకి ఒకపక్క సుత్తి, ఒకపక్క పటకారు ఉంటాయి, మాత మెడలో కనపడ్డట్టే.

మరి చూసిన పిల్ల? మా ఇంటికి దగ్గర్లోని కోరాంక్ కాన్వెంట్‌లో చేరింది. తర్వాత వచ్చిన బిషప్ సిస్టర్‌గా ఉంటానని వ్రతం తీసుకోనివ్వలేదు. మాత తనకి ఇంకో సభ కోసం నియమావళి ఇచ్చిందని చెప్పి, 1878లో పోప్ 13వ లియోని కూడా కలిసింది. బతికుండగా ఆ సభ నిలబడలేదు. దేశాలు తిరిగి తిరిగి, 1904లో ఇటలీలో ఒంటరిగా పోయింది. మాక్సిమానేమో ఫాదర్ కాలేదు, ఒక మద్యం సీసాకి తన పేరు అరువిచ్చాడు. మన భాషలో ప్రమోషన్ అన్నమాట!

భోజనానికి గ్రాతాన్, అంటే పాలమీగడలో ఉడికిన దుంపలు. చప్పిడి! బ్యాగులోంచి కారప్పొడి తీశాను. ఇంతలో అమ్మ వీడియో కాల్.

"ఏం కూరే?"

"బంగాళదుంప అమ్మా."

పక్కనుంచి మా వరంగల్ అల్లుడుగారు: "ఆలుగడ్డ, అత్తమ్మా!"