మా ఇంటి దొర

శ్రోతలకు నమస్కారం.

నల్గొండలో మా అమ్మానాన్నల ఇంట్లో ఒక దొర ఉన్నాడు. అసలు పేరు బంటి. గోధుమ రంగు ఒళ్లు, నిక్కిన చెవులు, చుట్ట తిరిగిన తోక. అచ్చమైన ఊరకుక్క. ఆరేళ్ల కింద ఒక వానాకాలం సాయంత్రం క్లాక్ టవర్ దగ్గర మిర్చి బండి కింద వణుకుతుంటే మా నాన్న కూరగాయల సంచిలో వేసుకొని తెచ్చాడు. "రెండు రోజులుంచి ఎక్కడన్న ఇడిసిపెడదాం" అన్నాడు. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

దొర అనే బిరుదు పక్కింటి తాత ఇచ్చింది. ఒకరోజు వరండాలో నాన్న పడక కుర్చీని వాడు ఆక్రమించి నిద్రపోతుంటే, నాన్న కింద మెట్టు మీద కూర్చొని పేపర్ చదువుకుంటున్నాడు. అది చూసి తాత, "దొరల జమానా పోయిందనుకుంటి గదయ్యా, మీ ఇంట్ల మళ్ల షురువైందా?" అన్నాడు. మా జిల్లాలో ఆ మాటకున్న బరువు తెలిసినవాళ్లకు ఆ చమత్కారం విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక వాడి నకరాలు. పొద్దున జొన్నరొట్టె వేడిగా ఉండాలి. పెనం దిగి పావుగంట దాటిందంటే ఒకసారి వాసన చూసి, మొహం తిప్పుకొని, పోయి జామచెట్టు కింద పడుకుంటాడు. అదే రొట్టెను మళ్లీ వెచ్చచేసి పెడితే తింటాడు. మొదట్లో పొగరనుకున్నాం. తర్వాత తెలిసిందేమిటంటే, మన నాలుక మీద రుచి మొగ్గలు సుమారు 9,000 ఉంటే, కుక్క నాలుక మీద 1,700 దాకానే ఉంటాయి. ఆ లోటంతా ముక్కు పూడుస్తుంది. తిండి వేడిగా ఉంటే వాసన లేస్తుంది, చల్లారితే అణిగిపోతుంది. అంటే చల్లారిన రొట్టె వాడికి ఉప్పూ కారం లేని కూర లాంటిదన్నమాట. సరే, అంతవరకు ఒప్పుకుందాం. కానీ రొట్టెను ముక్కలు చేయాలి, ఆ ముక్కలు అమ్మ చేత్తోనే తినిపించాలి, తినిపించేటప్పుడు అమ్మ ఫోన్ మాట్లాడకూడదు. వీటికి ఏ శాస్త్రంలోనూ కారణం దొరకలేదు.

నాకు కడుపుమంట ఎక్కడంటే, చిన్నప్పుడు మేం కంచంలో నాలుగు మెతుకులు వదిలితే వీపు విమానం మోత మోగేది. కొట్టింది ఈ నాన్నే. "పల్లీ చేన్ల నడుము వంచితే తెలుస్తది మెతుకు విలువ" అనేవాడు. ఇప్పుడు అదే మనిషి, "రొట్టె అంచులు గట్టిగున్నయే, వానికి మధ్యల మెత్తటిది పెట్టు" అని అమ్మకు చెబుతుంటే మా అన్న, నేను ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం.

ఆదివారం మటన్ రోజు. ముక్కలు మసాలాతో సహా పెట్టేది అమ్మ. మొన్న టీకాకు తీసుకెళ్తే పశువైద్యుడు బరువు తూచి 27 కిలోలు అన్నాడు, ఏం పెడుతున్నారో చెప్పమన్నాడు. అమ్మ గొప్పగా చెప్పింది. ఆయన తల పట్టుకున్నాడు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్కల రక్తంలో ఎర్ర కణాలను పాడు చేస్తాయట. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ అసలు చూపించొద్దన్నాడు. బిస్కెట్లు బంద్. ఇంటికొచ్చాక నానమ్మ, "మనకు ఉల్లిగడ్డ లేకుంటె ముద్ద దిగదు, వీనికి ఉల్లిగడ్డ ఉంటె ముద్ద దించొద్దట" అని కాసేపు సణిగింది. అప్పటి నుంచి వాడికి వేరే గిన్నె, ఉప్పు లేకుండా ఉడికించిన ముక్కలు. రెండు కూరలు వండే ఇల్లయింది మాది.

అన్నిటికంటే నేను మెచ్చుకునేది వాడి కుంటి నాటకం. రెండేళ్ల కింద ఉదయ సముద్రం కట్ట మీదికి వాకింగ్‌కు తీసుకెళ్తే సర్కారు తుమ్మ ముల్లు కుడికాలిలో దిగింది. నిజంగానే లోతుగా దిగింది పాపం. వారం రోజులు పసుపు కట్లు, ఒడిలో పడుకోబెట్టుకోవడం, గుడ్డు. కాలు మానింది, కుంటడం మానలేదు. నాన్న పొద్దున చెప్పులు వేసుకొని ఒక్కడే బయల్దేరితే కుంటుతాడు. అమ్మ పక్కింటి పిల్లాణ్ని ఎత్తుకుంటే కుంటుతాడు. ఒకరోజు కుడికాలు, ఇంకోరోజు ఎడమకాలు. ఏ కాలో గుర్తుండదు మరి. గుడ్డు ఉడికే వాసన వస్తే మాత్రం రెండు కాళ్లూ బాగైపోతాయి. వాడు మోసగాడని నేనంటే అమ్మ ఒప్పుకోదు. నిజానికి కుంటితే గుడ్డొస్తుందని నేర్పింది మనమే కదా.

ఎండాకాలం కూలర్ ముందు జాగా వాడిదే. కుక్కకు చెమట పాదాల మెత్తల్లో తప్ప పెద్దగా పట్టదు, నాలుక చాచి వగర్చడమే దాని చల్లదనం. కాబట్టి కరెంటు పోతే వాడు నాన్న వైపు చూసే చూపు న్యాయమైనదే. సాయంత్రం నాలుగింటికి తారు రోడ్డు మీదికి రానని మొరాయించడం కూడా న్యాయమే. అరచేతి వెనక భాగం రోడ్డుకు ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే కుక్క పాదాలు కాలినట్టే. దీపావళికి మాత్రం దొరతనమంతా పోతుంది. బాత్‌రూంలో బకెట్ వెనక దూరి తెల్లారేదాకా బయటకు రాడు. నాన్న తలుపు దగ్గర స్టూలేసుకొని కూర్చుంటాడు.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ప్రతి శనివారం ఇంటికెళ్తాను. ఆటో మా సందు మలుపు తిరగకముందే వాడు గేటు దగ్గర ఉంటాడట. ఈ శనివారం ఈ రికార్డింగ్ వల్ల ఆలస్యమైంది. ఇందాక అమ్మ ఫోన్ చేసింది.

"గేటు కాడ్నే పండుకున్నడు బిడ్డా, ముద్ద ముట్టలే."

"నువ్వు తిన్నావా అమ్మా?"

"వాడు తినకుంటె నాకెట్ల దిగుతది?"

ఏడున్నర బస్సుకు బయల్దేరుతున్నానని చెప్పాను. వచ్చేటప్పుడు బిస్కెట్ ప్యాకెట్ ఒకటి తెమ్మంది. డాక్టర్‌కు చెప్పొద్దంది.