వేడి తగిలినప్పుడు కణం లోపల

శ్రోతలకు నమస్కారం.

కోడిగుడ్డు ఉడికితే తెల్లసొన గట్టిపడుతుంది కదా! వేడికి ప్రోటీన్ల మడతలు విడిపోయి, అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బతికున్న కణంలోనూ వేడి మితిమీరితే ఇలాంటి ప్రమాదమే మొదలవుతుంది. అప్పుడు తోడుపెళ్ళికూతుళ్ళలా ప్రోటీన్లను పట్టుకుని, మడత చెడకుండా కాపాడేవే షాపరోన్లు. అవీ ప్రోటీన్లే.

వీటి కథ ఇటలీలో, అనుకోకుండా మొదలైంది. ప్రయోగశాలలో ఎవరో ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. లోపల పండ్ల ఈగ కణాలున్నాయి. వాటి క్రోమోజోములు కొన్నిచోట్ల పొంగి ఉండటం ఫెరూచియో రిటోసా చూశారు, 1962లో ప్రకటించారు. ఆ పొంగులు చాలావరకు షాపరోన్లను తయారుచేసే జన్యువులవని తర్వాత తేలింది.

ఒక్క పొంగు మాత్రం వేరు. దాని పేరు 93డి. అక్కడ ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు నుంచి తీసే నకలు, బోలెడంత తయారవుతుంది, కానీ దాన్నుంచి షాపరోన్ రాదు. ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలను చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. కాశీలో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సుభాష్ చంద్ర లఖోటియా గారు మాత్రం దశాబ్దాలపాటు దాన్ని వదల్లేదు. ఆ ఓపిక నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. మామూలప్పుడు ఈ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో చిన్న చిన్న చుక్కలుగా ఉంటుందని ఆయన బృందం 2000లో చూపింది. మిగతా ఆర్‌ఎన్‌ఏలను సిద్ధంచేసే కొన్ని ప్రోటీన్లు ఆ చుక్కల్లో ఉంటాయి. వేడి తగలగానే చుక్కలు కలిసి గుంపులవుతాయి, ఆ ప్రోటీన్లు పని వదిలి అక్కడికి చేరతాయి. వేడి తగ్గాక మళ్ళీ పనిలోకి వెళ్తాయి. హెచ్‌ఎస్‌పీ 90 అనే షాపరోన్ కూడా వేడి వేళ ఈ 93డి దగ్గరికే చేరుతుందని 1993లో మరో బృందం గమనించింది.

ఇక్కడ ఆర్‌ఎన్‌ఏ ప్రోటీన్లకు ఆశ్రయమిస్తోంది. ఇంకోచోట షాపరోన్లే ఆర్‌ఎన్‌ఏకు తలుపు తీస్తాయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల పేరు 2024 నోబెల్ బహుమతి వార్తల్లో వినే ఉంటారు. ఇంచుమించు 22 అక్షరాల ఈ పోగులు ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి. అయితే వాటంతట అవి ఏమీ చేయలేవు, ఆర్గోనాట్ అనే ప్రోటీన్‌లో కుదురుకోవాలి. మొదట అవి జంటపోగుగా వస్తాయి. ఆ జంట పట్టేంత చోటు ఆర్గోనాట్‌లో మామూలుగా ఉండదు. హెచ్‌ఎస్‌పీ 70, హెచ్‌ఎస్‌పీ 90 షాపరోన్లు కణానికి ఇంధనంలాంటి ఏటీపీని ఖర్చుపెట్టి దాన్ని తెరిచి పట్టుకుంటాయని 2010లో టోక్యో శాస్త్రవేత్తలు వివరించారు. జంటపోగు లోపలికి జారుతుంది. తర్వాత ఒక పోగు బయటికి పోతుంది. రెండోది ఆర్గోనాట్‌లోనే ఉండి, ఏ జన్యువు సందేశాన్ని ఆపాలో దానికి చూపిస్తుంది.

నమస్కారం.