వీటీలో దిగాక ఏ దిక్కు?

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాందేడ్ జిల్లా ధర్మాబాద్ స్టేషన్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళను చూస్తే ఎవరు పని మీద పోతున్నారో, ఎవరు ముంబై చూడ్డానికి పోతున్నారో నాకు ఇట్టే తెలిసిపోతుంది. చూడ్డానికి పోయేవాళ్ళ దగ్గర మిర్చి పొడి మూట ఒకటి తప్పకుండా ఉంటుంది. అక్కడ ఎవరింట్లో దిగుతారో వాళ్ళకు కానుక అది. 28 ఏళ్ళు ముంబై వర్లీలో ఉండి అలాంటి మూటలు ఎన్ని అందుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు ఊరికి తిరిగొచ్చాను కాబట్టి మూటలు రావడం లేదు, ప్రశ్నలు వస్తున్నాయి. "అక్కా, రెండు రోజులు టైముంది, ఏమేం చూడాలి?" అంటారు.

ఏమేం చూడాలో ఎవర్నడిగినా చెప్తారు. ఏ వేళకు ఏ దిక్కుకు పోవాలో చెప్పేవాళ్ళే తక్కువ. ముంబైలో నాకు తెలిసిన విద్య అదొక్కటే.

ముంబై ఉత్తరం నుంచి దక్షిణానికి సన్నగా, పొడుగ్గా సాగిన ఊరు. పాత ఆఫీసులు, కోర్టులు, పెద్ద బజార్లు దక్షిణపు కొనలో ఉన్నాయి. జనం ఇళ్ళేమో ఉత్తరాన విరార్ దాకా, కళ్యాణ్ దాటి కూడా పరుచుకున్నాయి. పొద్దున 8 నుంచి 11 దాకా జనమంతా దక్షిణానికి పోతారు. సాయంత్రం 5 నుంచి 9 దాకా ఉత్తరానికి మళ్ళుతారు. మగ్గంలో నాడె ఆడినట్టు రోజూ అదే పోక, అదే రాక. నాడెకు అడ్డంగా వేలు పెడితే ఏమవుతుందో మన పద్మశాలీల ఇళ్ళలో వేరే చెప్పక్కర్లేదు.

మా బావ ఆ వేలు పెట్టాడు. సాయంత్రం ఆరున్నరకు దాదర్‌లో, అక్కను, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని కళ్యాణ్ వైపు పోయే ఫాస్ట్ లోకల్ ఎక్కబోయాడు. వెనక జనం తోసిన తోపుకు అక్క, పిల్లలు లోపలికి వెళ్ళిపోయారు. బావ, ఆయన ఎడమకాలి చెప్పు ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయారు. కుడికాలి చెప్పు రైల్లో పోయింది. ఫోన్లు రెండూ అక్క సంచిలో! ఒకర్నొకరు వెతుక్కుంటూ వాళ్ళు తిరిగిన తిరుగుడు ఇప్పుడు చెప్పుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రాత్రి 10 దాటాక బావ ఒంటి చెప్పుతో మా గుమ్మం ముందు నిలబడ్డప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు.

అందుకే లోకల్ ఎక్కేముందు ఇంటిల్లిపాదీ ఒక మాట అనుకోవాలి. ఒకవేళ విడిపోతే రైల్లో ఉన్నవాళ్ళు అది ఆగే తర్వాతి స్టేషన్‌లో దిగి, దిగినచోటే నిలబడాలి. కింద ఉండిపోయినవాళ్ళు తర్వాతి బండిలో అక్కడికే రావాలి. ఇద్దరూ కదిలితే ఇద్దరూ దొరకరు. ఎక్కబోయేది ఫాస్టా స్లోనా అన్నది ముందు చూసుకోవాలి. ఫాస్ట్ బండి చిన్న స్టేషన్లను పట్టించుకోదు. ఇండికేటర్ మీద ఎఫ్ అంటే ఫాస్ట్, ఎస్ అంటే స్లో. దిగాల్సిన స్టేషన్ ఇంకా రెండుందనగా తలుపు వైపు జరుగుతూ, ముందున్నాయన్ని "ఉతర్‌నా హై క్యా?" అని అడగాలి. దిగడం లేదంటే ఆయనే దారిస్తాడు. అలా అడగని మనిషిని కొత్తవాడని ఇట్టే పసిగడతారు. సాయంత్రం వేళ విరార్ ఫాస్ట్ ఎక్కి అంధేరీలో దిగుతానంటే ఒప్పుకోరు. లోపలున్న జనమే దిగనివ్వరు. అది విరార్ వాళ్ళ బండి.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. దేవగిరి పొద్దున్నే మనల్ని వీటీలో, అంటే విక్టోరియా టెర్మినస్‌లో దించుతుంది. పేరు 1996లో మారింది, 2017లో ఇంకోసారి మారి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అయింది. అయినా టాక్సీ డ్రైవర్ల నోట వీటీ పోలేదు. అంటే ముంబై జనం రెండు గంటలు నలిగి చేరుకునే చోటికి మనం పడుకుని చేరుకున్నాం. మనవాళ్ళు ఆ అదృష్టాన్ని అక్కడే వదిలేసి "ముందు భివండీలో మా మేనమామ ఇంటికి పోయి, స్నానం చేసి, పదింటికి బయల్దేరి వస్తాం" అంటారు. పదింటికి ఊరంతా ఇటే వస్తుంటుంది మరి! స్టేషన్‌లోనే మొహం కడుక్కోండి, సామాను క్లోక్‌రూంలో పెట్టండి, టీ తాగి నడక మొదలుపెట్టండి. మేనమామ ఎక్కడికీ పోడు.

దిగిన స్టేషన్నే ముందు చూడాలి. 1878లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టారు దాన్ని. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి ఉంటాయి. సింహం ఇంగ్లండుకు, పులి మనకు గుర్తు. అక్కడి నుంచి దక్షిణంగా నడిస్తే హుతాత్మా చౌక్ వస్తుంది. చాలామంది పక్కనున్న ఫ్లోరా ఫౌంటెన్ ముందు ఫోటో దిగి ముందుకు పోతారు. మనం ఒక్క నిమిషం ఆగాలి. బొంబాయితో కలిపి మరాఠీవాళ్ళకు ఒక రాష్ట్రం కావాలన్న సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ళ స్మారకం అది. మన నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉంది. ఆ తర్వాత బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960 మే 1న మహారాష్ట్ర అయింది. మనం ఏ రాష్ట్రం వాళ్ళమన్నది తేలిన గొడవలో పెద్ద ఘట్టం ఆ చౌరస్తా దగ్గర జరిగిందే.

ఇంకాస్త ముందుకు పోతే ఓవల్ మైదానం. మధ్యలో నిలబడి ఒకవైపు చూస్తే హైకోర్టు, రాజాబాయి గడియారం గోపురం. వెనక్కి తిరిగితే గుండ్రటి బాల్కనీల ఆర్ట్ డెకో తరహా ఇళ్ళు. ఆ తర్వాత కాలాఘోడా మీదుగా గేట్‌వే ఆఫ్ ఇండియా. 1911లో వచ్చిన బ్రిటిష్ రాజుగారి కోసం తలపెట్టిన ఆ ద్వారం పూర్తయింది 1924లో. 1948లో ఆఖరి బ్రిటిష్ పటాలం దానికిందినుంచే ఓడ ఎక్కి వెళ్ళిపోయింది. ఇదంతా తాపీగా నడిస్తే గంట పని. ఆదివారమైతే ఆఫీసులకు సెలవు కాబట్టి ఫోర్టు అనే ఈ పాత ఆఫీసుల పేటలో రోడ్లు ఖాళీగా ఉంటాయి. కాకపోతే ఆదివారాలు లోకల్ లైన్లకు మరమ్మతులుంటాయి. దాన్ని మెగా బ్లాక్ అంటారు, ముందురోజే కనుక్కోండి.

గేట్‌వే దగ్గర ఎలిఫెంటా గుహల దీవికి లాంచీ ఎక్కితే గంట ప్రయాణం. సోమవారం గుహలు మూసి ఉంటాయి. సోమవారం పోయి గేటు చూసి వచ్చినవాళ్ళు మా చుట్టాల్లోనే ముగ్గురున్నారు. పొద్దున లాంచీకే పొండి, ఎండెక్కితే ఆ మెట్లు కష్టం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు డోలీలు దొరుకుతాయి. చేతిలో తినేవి పెట్టుకోకండి, కోతులు లాక్కుంటాయి. లోపల దాదాపు 20 అడుగుల ఎత్తున మూడు ముఖాల శివుడు ఉంటాడు. కాసేపు చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా ఆగండి. ఎడమవైపు భైరవుడి ముఖంలో కోపం, కుడివైపు ముఖంలో ఆడతనం అప్పుడు తెలుస్తాయి. నేను నాలుగోసారి పోయినప్పుడు గానీ గమనించలేదు.

హాజీ అలీ దర్గాకు పోవాలంటే సముద్రాన్ని అడగాలి. దారి నీళ్ళ మధ్యగా ఉంటుంది. పోటు సమయంలో మునిగిపోతుంది. మరాఠీలో పోటును భర్తీ, ఆటును ఓహోటీ అంటారు. ఆ వేళలు పేపర్లో, ఫోన్లో దొరుకుతాయి. సిద్ధివినాయక్‌కు మంగళవారం పోకండి, దేవుడికన్నా క్యూనే ఎక్కువసేపు చూస్తారు.

ఒక పేరు చెప్తే మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు, కామాఠీపురా. తర్వాత కాలంలో దానికి వచ్చిన చెడ్డపేరే అందరికీ తెలుసు. అసలు పేరు మన కూలీలది. నిజాం రాజ్యం నుంచి వలసపోయి రోడ్లు, కట్టడాలు కట్టిన తెలుగు కామాఠీలు 18వ శతాబ్దం చివర్లో అక్కడ గుడిసెలు వేసుకున్నారు. తర్వాత వాళ్ళలోంచి కాంట్రాక్టర్లయినవాళ్ళు కొందరు కులవివక్ష మీద పోరాడిన జ్యోతిబా ఫూలే సత్యశోధక సమాజానికి అండగా నిలబడ్డారు. అక్కడికి టూరిస్టుల్లా పోయి ఫోటోలు తీయమని నేననను. కానీ రాతి కట్టడాల ముందు నిలబడి "ఎంత బాగా కట్టారో తెల్లవాళ్ళు" అని ఎవరైనా అంటే మాత్రం నేనూరుకోను. గీసినవాళ్ళు వాళ్ళే కావచ్చు, తట్టలు మోసిన నెత్తులు ఎవరివో కూడా అనుకోవాలి కదా.

వానాకాలం గురించి ఎక్కువ చెప్పను. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పోకపోతే మంచిది. 2005 జులై 26న శాంతాక్రజ్‌లో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్లు పడింది. ఆ రాత్రి మా ఆయన నడుచుకుంటూ ఇల్లు చేరేసరికి తెల్లారింది. ఆటో కోసం దక్షిణ ముంబైలో ఎదురుచూడకండి, బాంద్రా, సయన్ దగ్గరే అవి ఆగిపోతాయి. అక్కడి నుంచి దక్షిణానికి మీటరు టాక్సీలు, బెస్ట్ అనే సిటీ బస్సులు. ఇప్పుడు భూమికింద మెట్రో కూడా వచ్చింది, సిద్ధివినాయక్ నుంచి చర్చ్‌గేట్ దాకా చెమట పట్టకుండా పోవచ్చు. ఇక తిండి విషయానికొస్తే, వడాపావ్ ఎక్కడ జనం నిలబడి తింటుంటే అక్కడ తినండి. పచ్చిమిర్చి వేరేగా ఇస్తారు. మనకది లెక్కలోకి రాదు.

తిరుగు ప్రయాణం రాత్రి బండికి. చుట్టాలు దాదర్‌లో ఉన్నా, కుర్లాలో ఉన్నా "సామానుంది, టాక్సీలో పంపిస్తాం" అంటారు. రోడ్లన్నీ కిక్కిరిసి ఉంటాయి, రైలు తప్పిపోతుంది. ఏడింటికి వీటీ వైపు పోయే లోకల్ ఎక్కండి. అవతలి ప్లాట్‌ఫాం మీద ఇసుక వేస్తే రాలనంత జనం కళ్యాణ్ బండికోసం నిలబడి ఉంటారు. మీ డబ్బాలో మాత్రం కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. మా బావ ఈ మధ్య మళ్ళీ పోయి అలాగే వచ్చాడు. బూట్లు వేసుకుని వెళ్ళాడు, లేసులు రెండు ముళ్ళు వేసి.

నమస్కారం.