మొదటి పేరాలోనే మీ మాట చెప్పండి
(హనుమకొండలో తెలుగు ఎం.ఏ. విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పరీక్షలు దగ్గర పడ్డాయి, టెన్షన్ మీ ముఖాల్లోనే కనిపిస్తోంది. అందుకే సాహిత్యం గొప్పతనం జోలికి పోను. వ్యాసరూప జవాబు మొదటి పేరాలో ఉండాల్సిన ఒక్క వాక్యం గురించి మాట్లాడతాను, అంటే జవాబంతటా మీరు నిరూపించబోయే మాట. థీసిస్ స్టేట్‌మెంట్ అనండి, ప్రతిపాదన అనండి, మీ ఇష్టం.

‘సిరికిం జెప్పడు పద్యంలో పోతన శిల్పాన్ని చర్చించండి’ అని ప్రశ్న వచ్చిందనుకుందాం. వాల్యుయేషన్‌లో కట్ట విప్పితే జవాబులు ఇలా మొదలవుతాయి: ‘పోతన సహజ పండితుడు. బమ్మెరలో జన్మించాడు. భాగవతాన్ని రాజులకు కాక శ్రీరాముడికి అంకితమిచ్చాడు.’ అర పేజీ నిండుతుంది, పద్యం మాత్రం రాదు. కొందరైతే పోతన సొంతూరు ఒంటిమిట్టా, బమ్మెరా అనే పాత తగువు తెచ్చి, పోతన మనవాడేనని తేల్చేస్తారు. పాలకుర్తి పక్క ఊరాయె, మమకారం ఉండదా! నాకూ ఉంది. కానీ అడిగింది అది కాదు, మార్కులూ దానికి పడవు.

ఇంకొందరు ‘ఈ పద్యంలో శిల్పం అద్భుతం’ అంటారు. ‘కాళోజీ ప్రజాకవి’ అన్నా ఇదే కథ. కాదనేవాడే లేనప్పుడు నాలుగు పేజీలు దేన్ని నిరూపిస్తారు?

పద్యం దగ్గరికి వెళ్దాం. భాగవతంలో గజేంద్రమోక్షం కథ. గజేంద్రుడనే ఏనుగు మొర విని విష్ణువు బయల్దేరాడు. లక్ష్మికి చెప్పడు. శంఖచక్రాలు చేత పట్టడు. పరివారాన్ని పిలవడు. గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు. చెవుల దాకా జారిన జుట్టు సర్దుకోడు. ప్రణయ కలహంలో పట్టుకున్న లక్ష్మి పైట కొంగైనా వదలడు. లెక్కపెట్టండి, ఆరు క్రియలు, ఆరూ వ్యతిరేకార్థకాలే. పరుగెత్తాడన్న మాటే పద్యంలో లేదు!

ఇప్పుడు వాక్యం రాద్దాం: ‘దేవుడి తొందరను పోతన ఆయన చేయని పనులతోనే చూపించాడు, చివరి క్రియ దగ్గర ఆ తొందర ఒళ్లు మరిచిపోవడంగా మారింది.’ ఈ వాక్యంలోనే మీ పేరాలు ఉన్నాయి. మొదటి ఐదు క్రియలూ ఆయన చేయకుండా వదిలేసిన పనులు. ఆరోది వేరు: చేతిలో కొంగు ఉందన్న సంగతే ఆయనకు గుర్తులేదు. ‘అదేం లేదు, ఆ పాదం శృంగారం కోసమే’ అని ఎవరైనా అడ్డు తగలవచ్చు. తగలనివ్వండి. వాళ్లకు జవాబు చెప్పడమే మీ తర్వాతి పేరా. అడ్డు తగలడానికి వీలున్న వాక్యమే పరీక్షలో పనికొస్తుంది. అయితే ఆధారం మాత్రం పద్యంలోనే దొరకాలి, గైడులో కాదు.

‘నిరూపించండి’ అని అడిగితే? అప్పుడు అభిప్రాయం ప్రశ్నలోనే ఉంటుంది, దారి మీరు చెప్పాలి. గజేంద్రుడి శరణాగతిని నిరూపించమన్నారనుకోండి. ‘గజేంద్రుడు భక్తితో శరణు కోరాడు’ అంటే ప్రశ్ననే తిరిగి రాసినట్టు. ‘కలడో లేడో అన్న అనుమానం దాటి వచ్చాడు కాబట్టే, నీవే తప్ప అన్న మాటకు అంత బలం’ అనండి. ఈ మాటలున్న రెండు పద్యాల వరస కూడా మీకు సాయం చేస్తుంది, అనుమానం ముందు, శరణు తర్వాత.

ఒక చిట్కా. వాక్యాన్ని ముందుగా పెన్సిల్‌తో చివరి పేజీలో రాసుకోండి. మొదటి పేరా కింద రెండు లైన్లు ఖాళీ ఉంచండి. రాస్తుంటే కొత్త సంగతి తట్టి, మొదట అన్న మాట సరిపోదనిపిస్తుంది. అప్పుడు వెనక్కి వెళ్లి ఆ ఖాళీలో దాన్ని సరిచేయవచ్చు. చాలామంది ముగింపులో మంచి మాట రాసి, మొదట్లో మాత్రం పాత మాటే ఉంచేస్తారు.

ఇక కాగితాలు తీయండి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో, అంటే రెండేసి పాదాల ఛందస్సులో, ఎందుకు రాశాడు? ఒక్క వాక్యం చాలు. రాశాక పక్కవాళ్లకు ఇవ్వండి, వాళ్లు దానికి అడ్డు చెప్పాలి.