తెల్లవారుజామున వ్యూ పాయింట్‌కి ట్రెక్: ముందురోజే ఫోన్‌లో చేసుకోవాల్సిన పనులు

హాయ్ అండి. సిగ్నల్ అందని నేషనల్ పార్కు, అందులో ఒక చిన్న ట్రెక్. చీకటితోనే బయల్దేరాలి, పొద్దు పొడిచేలోపు వ్యూ పాయింట్‌లో ఉండాలి. దానికి ఫోన్ ఎలా సిద్ధం చేసుకోవాలో చూద్దాం. స్క్రీన్ రికార్డ్ చేస్తున్నాను, నాతో పాటే చేసుకుంటూ రండి.

ముందు పార్కు వెబ్‌సైట్. గేటు ఎన్నింటికి తెరుస్తారు, చీకట్లో నడవనిస్తారా, ఈ రెండూ చూడండి. జంతువులు తిరిగే పార్కుల్లో చాలాచోట్ల తెల్లారేదాకా లోపలికి వదలరు. అలా రాసి ఉంటే ఇంక ఈ వీడియో చూడక్కర్లేదు, హాయిగా పడుకోండి.

సరే, యాప్. నేను ఆర్గానిక్ మ్యాప్స్ వాడతాను. ఉచితం, యాడ్స్ లేవు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని, వాలంటీర్లు కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్ డేటాతో నడుస్తుంది. గూగుల్ మ్యాప్స్ చాలదా అంటే, అందులో ఆఫ్‌లైన్‌లో కారు దారి వస్తుంది, నడక దారి రాదు. మనకు కావాల్సింది నడక దారే కదా. ఇదిగో, డౌన్‌లోడ్ నొక్కాను, ఈ ప్రాంతం ఎంచుకున్నాను. పక్కన లేయర్స్ బటన్, అందులో ఎత్తులు చూపించే కాంటూర్ గీతలు ఆన్. అయిపోయింది. ఈ గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు ఎక్కుడు, దూరంగా ఉంటే చదును.

ఇప్పుడు వ్యూ పాయింట్‌ని గుర్తు పెట్టాలి. ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే అసలు తికమకంతా ఇక్కడే. పేరు కొడితే మారుమూల పార్కుల్లో చాలాసార్లు దొరకదు. కోఆర్డినేట్స్ ఇవ్వాల్సి వస్తుంది. ఇదిగో పార్కు బ్రోషర్‌లో అక్షాంశం ఎలా ఇచ్చారో చూడండి. 24 డిగ్రీల 45 నిమిషాల 30 సెకన్లు. చూడగానే చేతికి ఏం వస్తుంది? 24, చుక్క, 4530. కొట్టేస్తాం. యాప్ కూడా ఏమీ అనదు, బుద్ధిగా ఒక చోటు చూపిస్తుంది. కాకపోతే అది వేరే చోటు!

ఎందుకంటే డిగ్రీకి 60 నిమిషాలు, వంద కాదు. గడియారం లెక్కే. 45 నిమిషాలంటే ముప్పావు డిగ్రీ. కాలిక్యులేటర్ తెరుస్తున్నాను. 45ని 60తో భాగిస్తే 0.75. 30 సెకన్లని 3600తో భాగిస్తే 0.0083. ఈ రెండూ 24కి కలిపితే 24.7583. ఇది కొట్టాలి. ఇందాక కొట్టింది 24.4530. చూడ్డానికి తేడా చిన్నదే, కానీ అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. అంటే మీ వ్యూ పాయింట్ సుమారు 34 కిలోమీటర్లు అవతలికి పోయింది. మళ్లీ చూపిస్తాను, మ్యాప్‌లో రెండు పిన్నులూ చూడండి. ఇది తప్పు, ఇది ఒప్పు. రేఖాంశానికీ ఇదే లెక్క. దక్షిణ అక్షాంశమైనా, పశ్చిమ రేఖాంశమైనా ముందు మైనస్ పెట్టాలి. అది మరిచిపోతే ఏకంగా వేరే ఖండానికే వెళ్లిపోవచ్చు.

పిన్ సరిగ్గా పడిందా అన్నది ఇలా చూసుకోండి. బాగా జూమ్ చేయండి. పిన్ దాకా కాలిబాట గీత రావాలి. కాంటూర్లు పిన్‌కి ఒక పక్కన ఒత్తుగా ఉండాలి, లోయ అటువైపే ఉంటుంది. అది తూర్పు వైపైతే ఇంకేం కావాలి. నక్షత్రం నొక్కి సేవ్ చేసేశాను.

తర్వాత టైమ్. వెదర్ యాప్‌లో సూర్యోదయం 6:10 అని ఉంది. మనం చేరాల్సింది 6:10కి కాదు. సూర్యుడు క్షితిజానికి 6 డిగ్రీలు కింద ఉన్నప్పుడే రంగులు మొదలవుతాయి, దాన్ని సివిల్ ట్విలైట్ అంటారు. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో అది సూర్యోదయానికి 20, 25 నిమిషాల ముందు. 60 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే మార్చిలో కూడా 40 నిమిషాలు ముందే. మనం 5:45కి పైన ఉండాలనుకుందాం.

యాప్ ఏమంటోంది, 2 కిలోమీటర్లు, 200 మీటర్ల ఎక్కుడు. కొండ నడకకి ఎంతసేపు పడుతుందో అంచనా వేసే నైస్మిత్ లెక్క వేస్తాను, 1892 నాటిది, ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది. 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. మనకి 24, 20, మొత్తం 44 నిమిషాలు. అది వెలుతురులో నడిచేవాళ్లకి. చీకట్లో నేనైతే సగం కలుపుతాను, 66. అంటే 4:39కి అడుగు వేయాలి. 4:30కి అలారం కాదండోయ్, 4:30కి ట్రెయిల్ మొదట్లో నిలబడి ఉండాలి.

హెడ్‌ల్యాంప్ గురించి ఒక్క మాట. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా మొహం మీద తెల్ల లైటు కొట్టారా, మళ్లీ మొదటికి! మసక ఎర్ర లైటైతే ఆ అలవాటు అంతగా చెడదు, పైకి చేరాక అందుకే ఎర్ర లైటు. కానీ కాగితం మ్యాప్ ఉంటే జాగ్రత్త, అందులో ఎర్రటి గీతలు ఎర్ర లైటులో కనబడకుండా పోతాయి. నడుస్తున్నప్పుడు మాత్రం తెల్ల లైటే, తక్కువ వెలుగులో. రాళ్లలో కాలు మెలిపడితే చుక్కలు చూసి లాభం లేదు.

ఇప్పుడు పరీక్ష. బయల్దేరే ముందే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపేయండి. యాప్ తెరవండి, పిన్ నొక్కండి, నడక దారి వేయండి. వచ్చిందా? అడవిలోనూ వస్తుంది. అక్కడ కూడా ఏరోప్లేన్ మోడ్‌లోనే ఉంచండి, లేదంటే ఫోన్ సిగ్నల్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తాగేస్తుంది. జీపీఎస్‌కి నెట్ అక్కర్లేదు, కాకపోతే నెట్ లేకపోతే మొదటిసారి లొకేషన్ దొరకడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. చెట్ల కింద కాకుండా ఆకాశం కనిపించే చోట ఆగండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఫోన్ లోపలి జేబులో.

చివరిది. ఈ దారి మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసి, దాని కింద ఎన్నింటికల్లా తిరిగొస్తారో టైము, ఎన్ని గంటలు దాటితే పార్కు ఆఫీసుకి ఫోన్ చేయాలో, ఇవన్నీ సిగ్నల్ ఉండగానే మీవాళ్లకి పంపేయండి. ట్రాక్ రికార్డింగ్ బటన్ ఇదిగో ఇక్కడుంది. దిగొచ్చాక ఆపండి, లేదంటే కారు ప్రయాణం కూడా ట్రెక్‌లో కలిసిపోయి గంటకి 70 కిలోమీటర్లు నడిచినట్టు చూపిస్తుంది. అంతేనండి, ఉంటాను.