కిలో బిడ్డ గుండెలో గడ్డ: కోయకుండా తీయగలరా?

హోస్ట్: నమస్కారమండీ, పర్లాకిమిడి నుంచి. బరంపురంలో నెలలు నిండని పిల్లల్ని చూసే డాక్టరమ్మ మనతో ఉన్నారు. మేడమ్, కిలో తూగని బిడ్డ గుండెకి ఇన్‌ఫెక్షన్ ఏటండీ? ఎలా వస్తుంది?

డాక్టర్: చాలాసార్లు ప్రాణం నిలపడానికి పెట్టిన గొట్టం వల్లే బాబూ. అంత చిన్న ఒంట్లో చేతి నరాలు దొరకవు. బొడ్డు నరంలోంచి మిల్లీమీటరు పైచిలుకు మందం గొట్టాన్ని గుండె దగ్గరిదాకా పంపిస్తాం. దాని కొన రాసుకున్నచోట రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డలో స్టాఫిలోకోకస్ అనే బ్యాక్టీరియా, కాండిడా అనే బూజు లాంటి క్రిములు కాపరం పెడతాయి.

హోస్ట్: జ్వరం వస్తుందా?

డాక్టర్: రావాలనేం లేదు. ఒళ్లు చల్లబడొచ్చు, ఊపిరి ఆగి ఆగి రావచ్చు, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు. మందు ఎక్కిస్తున్నా బ్లడ్ కల్చర్‌లో, అంటే రక్తంలో క్రిములున్నాయేమో పెంచి చూసే పరీక్షలో, క్రిమి మళ్లీ మళ్లీ వస్తోందంటే ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయాల్సిందే.

హోస్ట్: మందులతో పోదా?

డాక్టర్: మొదట మందులే, సాధారణంగా 4 నుంచి 6 వారాలు. గడ్డ పెద్దదై ఊగుతుంటేనే నాకు భయం. ముక్క విరిగితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఈ పిల్లలకి గుండె పైగదుల మధ్య దారి ఇంకా మూసుకోదు గనక మెదడుకీ పోవచ్చు. ఆపరేషన్ అంటే గుండె, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్-లంగ్ మెషిన్ పెట్టాలి, దానికి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ మందు ఇవ్వాలి. ఆ లేత మెదడులో రక్తస్రావమైతే?

హోస్ట్: మరి కోయకుండా?

డాక్టర్: తొడ నరంలోంచో మెడ నరంలోంచో సన్న గొట్టం పంపి, ఎకోలో చూసుకుంటూ గడ్డని పీల్చేస్తారు. ఇంత చిన్న పిల్లలకి అరుదుగానే చేశారు. గుండె వాల్వుకి అతుక్కుపోయిన గడ్డని లాగితే వాల్వే చిరగొచ్చు. పైగా కిలో బిడ్డ ఒంట్లో రక్తమంతా కలిపినా 90 మిల్లీలీటర్లే, ఒక టీ గ్లాసుడు. గడ్డతోపాటు 10 వచ్చేసిందంటే తొమ్మిదో వంతు పోయినట్టే. ఎక్కించే రక్తం పక్కన పెట్టుకోకుండా మొదలుపెట్టనే కూడదు.

హోస్ట్: గుణుపురం, రాయగడ వాళ్ల సంగతేంటి మేడమ్?

డాక్టర్: పిల్లల గుండె జబ్బులు చూసే పెద్దాసుపత్రికే పంపాలి. బండి కోసం అప్పు చేయకండి. జననీ శిశు సురక్ష అనే సర్కారు పథకం కింద సర్కారు ఆసుపత్రి నుంచి జబ్బు శిశువుకి బండి ఉచితం, అడగండి. కల్చర్ రిపోర్టు, ఏ మందు ఎన్నాళ్లు పడిందో రాసిన కాగితం బిడ్డతోపాటే వెళ్లాలి.

హోస్ట్: వార్డులో తల్లి చేయగలిగిందేమైనా ఉందా?

డాక్టర్: ఎందుకు లేదూ! రోజూ రౌండ్స్‌లో అడగాలి, "ఆ గొట్టం ఇంకా కావాలా?" అని. బొడ్డు గొట్టం వారం దాటుతోందంటే గట్టిగా ఆలోచించాలి. తల్లిపాలు చుక్క చుక్కగా తొందరగా మొదలైతే గొట్టమూ తొందరగా తీయగలం. ఇంకోటి, మందు ఎక్కించే ముందు గొట్టం మూతిని స్పిరిట్ దూదితో 15 సెకన్లు రుద్దాలి. రుద్దకుండా సిరంజి పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టండి, ఆ వచ్చింది నేనైనా సరే.