అంచు కిరణాలు ఎందుకు ముందే కలుస్తాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు తిరుపతిలో డిగ్రీ విద్యార్థులకు కాంతిశాస్త్రం బోధించే మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, లెన్స్ డిజైన్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ముందుగా సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా?

మేడమ్: అక్కర్లేదు. ఒక కుంభాకార కటకం, తెల్ల కాగితం, స్కేలు, కాలిక్యులేటరు చాలు. తిరుమల కొండలు కనిపించే కిటికీ దగ్గర కటకం పట్టుకుని, వెనక కాగితాన్ని అటూ ఇటూ జరపండి. ఒక చోట కొండలు తలకిందులుగా, స్పష్టంగా పడతాయి. ఆ దూరమే నాభ్యంతరం. ఇక కటక తయారీ సూత్రంతో, అంటే వంపుల నుంచి, గాజు గుణం నుంచి నాభ్యంతరం చెప్పే లెక్కతో, సరిచూసుకోండి. గాజు వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.5, రెండు వైపులా వక్రతా వ్యాసార్థం 10 సెంటీమీటర్లు అయితే నాభ్యంతరం కూడా 10. ఒక వైపు చదునైతే 20.

వ్యాఖ్యాత: ఇది ఇంటర్‌లో చదివిందే కదా!

మేడమ్: అవును. ఆ సూత్రం ఎక్కడ తప్పుతుందో అక్కడే డిజైన్ మొదలవుతుంది. కాంతి ఎంత వంగుతుందో చెప్పే స్నెల్ నియమంలో ఉన్నది కోణం కాదు, కోణం సైన్ విలువ. లెక్క తేలికవుతుందని మనం సైన్ వదిలేసి కోణాన్నే వాడాం. 10 డిగ్రీల దగ్గర తేడా అర శాతమే. 30 డిగ్రీలకు దాదాపు 4.7 శాతం. కటకం అంచున కోణాలు పెద్దవి కాబట్టి అక్కడి కిరణాలు ఎక్కువగా వంగి, ముందే అక్షాన్ని, అంటే కటకం మధ్యగా సాగే గీతను, చేరతాయి. గాజు ఎంత స్వచ్ఛమైనదైనా, ఎంత బాగా సానపట్టినా ఈ గోళాకార విపథనం పోదు. దీన్ని తయారీ లోపంగా చెప్పే పాఠాలు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

వ్యాఖ్యాత: మరి తగ్గించేదెలా?

మేడమ్: ఒకవైపు చదునైన కటకాన్ని తిప్పి పెట్టండి, అంతే! ఉబ్బెత్తు వైపు దూరపు వస్తువు దిక్కుగా ఉంటే ఈ దోషం దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది. కిరణాన్ని వంచే పనిని రెండు తలాలూ పంచుకుంటాయి కాబట్టి ఏ ఒక్క చోటా కోణం మరీ పెరగదు. గొప్ప డిజైన్లన్నిటి వెనకా ఈ పంపకమే ఉంటుంది.

వ్యాఖ్యాత: రంగుల సంగతి?

మేడమ్: నీలం ఎరుపు కంటే ఎక్కువ వంగుతుంది, ఇదే వర్ణ విపథనం. రంగులను తక్కువగా విడదీసే క్రౌన్ గాజు కుంభాకార కటకానికి, ఎక్కువగా విడదీసే ఫ్లింట్ గాజు పుటాకార కటకాన్ని జతచేసి సరిచేస్తారు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ డోలండ్ 1758లోనే దీనికి పేటెంటు పొందారు. అయితే అవసరం అన్ని చోట్లా ఒకటి కాదు. మన పక్కనే గాదంకిలో లేజరు కాంతితో వాతావరణాన్ని పరిశీలించే లైడార్ అనే పరికరం 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు పంపుతుంది. రంగు ఒక్కటే అయినప్పుడు వర్ణ విపథనం గురించి బెంగ లేదు.

వ్యాఖ్యాత: కెమెరాకు అలా కుదరదు కదా?

మేడమ్: కుదరదు. అందుకే 1893లో డెనిస్ టేలర్ చేసిన కుక్ ట్రిప్లెట్ అనే మూడు కటకాల కెమెరా లెన్స్ అంటే నాకు అంత గౌరవం. మూడు కటకాలకు ఆరు వక్రతలు, మధ్యలో రెండు ఖాళీలు, డిజైనర్ మార్చుకోగలిగినవి మొత్తం ఎనిమిది. సాధించాల్సినవీ ఎనిమిదే: సైడెల్ అనే శాస్త్రవేత్త చెప్పిన ఐదు విపథనాలు (గోళాకార విపథనం వాటిలో ఒకటి), రెండు వర్ణ విపథనాలు, నాభ్యంతరం.

వ్యాఖ్యాత: శ్రోతలు ఇంట్లో చేసుకునే లెక్క ఒకటి చెప్పండి.

మేడమ్: చదునైన వైపు కాంతికి ఎదురుగా ఉంచండి, అక్కడ కిరణం వంగదు. వంపు వ్యాసార్థం 10 సెంటీమీటర్లు, కిరణం ఎత్తు 2. పతన కోణం సైన్ 0.2, గాజు దాటాక 0.3. మిగతాది త్రికోణమితి. ఆ కిరణం 20 దగ్గర కాకుండా సుమారు 9 మిల్లీమీటర్ల ముందే అక్షాన్ని తాకుతుంది. ఎత్తు 1 సెంటీమీటరుకు తగ్గించి మళ్లీ చేయండి, ఎంత వస్తుందో మాకు రాసి పంపండి.